చెవుల టీచరు

ఆమె వీధి మలుపు తిరిగితే చాలు, గుమ్మాల్లో ఆడుకుంటున్న చిన్నపిల్లలు రెండు చేతులతో చెవులు మూసుకునేవాళ్ళు. కొత్తగా చూసినవాళ్ళు ఈవిడ చెవులు మెలిపెట్టే రకం కాబోలు అనుకునేవాళ్ళు. నిజానికి ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆమె ఒక్క పిల్ల చెవి మీద కూడా చెయ్యి వెయ్యలేదు. చెయ్యి వేసుకోవలసింది పిల్లలే. అది అందిందా లేదా అని చూడడమే ఆమె పని.

బట్టల మిల్లు వెనక వీధిలో ఉన్న సర్కారు బడిలో ఆమె ఒకటో తరగతి టీచరు. మొదటి నుంచీ ఒకటో తరగతే. పై తరగతులు ఇస్తామన్నా పుచ్చుకోలేదు. ఆమె చేరిన రోజుల్లో ఆ వీధి పిల్లలెవరికీ పుట్టిన తేదీ కాగితాలుండేవి కావు. ఎప్పుడు పుట్టాడని తల్లిని అడిగితే, మిల్లు గోదాములో మంటలు లేచిన ఏడనో, వాళ్ళ నాన్నకి రాత్రి షిఫ్టు పడ్డప్పుడనో చెప్పేది. ఐదేళ్ళు నిండితేనే చేర్చుకోవాలని రూలు. అందుకని బడిలో ఒక పద్ధతి ఉండేది. పిల్ల గోడకి వీపు ఆనించి నిలబడాలి. కుడి చెయ్యి నెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి తమ్మె పట్టుకోవాలి. పట్టుకుంటే ఐదేళ్ళు నిండినట్టు. వేళ్ళు చెవి పైఅంచు దగ్గరే ఆగిపోతే మళ్ళీ ఏడు రావాలి.

ఆ పద్ధతి ఆమె పెట్టింది కాదు. ఆమె వచ్చేనాటికే ఉంది. కానీ అంతకు ముందున్న మాస్టర్లు చూసీ చూడనట్టు పోనిచ్చేవాళ్ళు, ఈమె పోనివ్వలేదు. భుజం ఎగరెయ్యకూడదు. మడమలు లేపకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తల వంచకూడదు. తల కాస్త పక్కకి వంచితే మూడేళ్ళ పిల్లకైనా చెవి అందుతుందని ఆమె అనేది.

అలా గట్టిగా ఉండక తప్పని రోజులవి. మిల్లు మూడు షిఫ్టులు నడిచేది. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మిల్లుకి పోతే ఇంట్లో పిల్లని చూసుకోవడానికి మనిషి ఉండడు. నడక వచ్చిన ప్రతి పిల్లనీ బడిలో పడెయ్యాలని చూసేవాళ్ళు. బడి కూడా మిల్లులాగే పొద్దున ఒక షిఫ్టు, మధ్యాహ్నం ఒక షిఫ్టు నడిచేది. ఒకటో తరగతి గదిలో పిల్లలు మోకాలికి మోకాలు ఆనించుకుని కూర్చునేవాళ్ళు. ఒకడు తుమ్మితే వరసంతా కదిలేది. పలకలు ఒళ్ళో పెట్టుకునే చోటు లేక ముందువాడి వీపుకి ఆనించుకుని రాసేవాళ్ళు. గది బయట మెట్ల మీద ఇంకో వరస, కిటికీ బయట ఇంకో వరస. కిటికీ బయటివాళ్ళు వాన పడ్డ రోజు ఇంటికి పోయేవాళ్ళు.

బడి తెరిచే రోజు ముందు వీధిలో జరిగే హడావుడి ఇంతా అంతా కాదు. తల్లులు పిల్లల చేతులకి నూనె రాసి లాగేవాళ్ళు. ఒక ముసలావిడ మనవణ్ణి నెల రోజులు పొద్దునే తలుపు గడియ పట్టుకుని వేలాడమని చెప్పిందట. చెయ్యి పెరగలేదు గానీ గడియ ఊడింది. ఇంకొకడికి తల్లి ఇంట్లో బాగా తర్ఫీదిచ్చింది. కనపడీ కనపడనట్టు మెడ వంచడం నేర్పింది. వాణ్ణి టీచరు వెనక్కి పంపాక కూడా ఆ మెడ చాన్నాళ్ళు వంకరగానే ఉండిపోయింది. ఇప్పుడతను పెద్ద లారీ డ్రైవరు. వీధిలో వాళ్ళు ఇప్పటికీ మెడవంకర అనే పిలుస్తారు.

చెవి అందిన పిల్లలకి పుట్టినరోజు పెట్టడం పెద్దమాస్టారి పని. ఆయన అన్ని బాధల్లోకీ తక్కువ బాధ చూసుకునే మనిషి. బడి తెరిచిన తేదీనే అందరికీ రాసేసేవాడు. అలా ఆ వీధిలో సగం మంది ఒకే రోజున పుట్టారు. ఆయనకి ముందున్న పెద్దమాస్టర్లూ అంతే చేశారు. వాళ్ళ కాలం పిల్లలు పెద్దవాళ్ళై మిల్లులో చేరి వయసైపోయాక, మగ్గాలుండే నేత ఖాతాలో ఒక సాయంత్రం ఒక వరస మగ్గాల మీది మనుషులందరికీ ఒకేసారి దండలు వేసి ఇంటికి పంపారు. మర్నాడు ఆ మగ్గాల దగ్గర దారం ముడెయ్యడానికి మనిషి లేడు. ఇదంతా మన పెద్దమాస్టర్ల చలవేనని మిల్లులో మెకానిక్‌గా ఉన్న టీచరుగారి భర్త నవ్వుకుంటూ చెప్పేవాడు.

పిల్లలకి మారుపేర్లు పెట్టింది కూడా పెద్దమాస్టారే. ఒక ఇంట్లో అక్కా తమ్ముడూ ఉండేవాళ్ళు. తమ్ముడి చేతులు మోకాళ్ళ దాకా వేలాడేవి. అక్క చేతులు పొట్టివి, తల మాత్రం ఇంత. ఆయన తమ్ముణ్ణి మూరెడు అనీ అక్కని జానెడు అనీ పిలిచాడు. ఆ పేర్లు అతుక్కుపోయాయి. ఆ అక్కని టీచరు గోడకి నిలబెట్టి వెనక్కి పంపింది. మళ్ళీ ఏడు వచ్చింది, మళ్ళీ పంపింది. వాళ్ళమ్మ మిల్లులో దారం తీసే ఖాతా నుంచి జుట్టుకి దూది అంటుకుని అలాగే వచ్చి, పిల్లకి వయసుందని, కన్నదాన్ని నాకు తెలీదా అని బతిమాలింది. చెయ్యి అందడం లేదు కదమ్మా అని టీచరు నెమ్మదిగానే చెప్పింది. ఆమె ఎవరినీ కసరదు. నెమ్మదిగా చెప్పి, తర్వాతి పిల్లని రమ్మనేది.

ఆ రోజుల్లో ఒక పిల్లని వెనక్కి పంపడమంటే ఇంకో పిల్లకి చోటు దొరకడం.

తర్వాత మిల్లు మూతపడింది. మొదట రాత్రి షిఫ్టు పోయింది, ఆ పైన సైరన్ పోయింది. సైరన్ వినపడక కొన్నాళ్ళు వీధంతా ఆలస్యంగా లేచింది. చేతిలో పనున్నవాళ్ళు వేరే ఊళ్ళకి పోయారు. మిగిలినవాళ్ళలో కాస్త నిలదొక్కుకున్నవాళ్ళు పిల్లల్ని పెద్ద రోడ్డు మీది ప్రైవేటు బడిలో వేశారు. పొద్దునే పసుపు రంగు వ్యాను వచ్చి హారన్ కొడితే ఇస్త్రీ బట్టల పిల్లలు ఎక్కేవాళ్ళు. సర్కారు బడిలో మధ్యాహ్నం షిఫ్టు తీసేశారు. తర్వాత కిటికీ బయటి వరస పోయింది, మెట్ల మీది వరస పోయింది. చివరికి గదిలోనే ఎవరి చాప వాళ్ళకి మిగిలింది. పిల్లలు పడుకుని దొర్లడానికి కూడా చోటుంది. పుట్టిన తేదీ కాగితాలు ఇప్పుడు అందరి దగ్గరా ఉన్నాయి గనక చెవి పట్టుకోమనే అవసరం కూడా లేకపోయింది. అయినా ఆమె అలవాటు మానలేదు. కాగితం చూసేది, తర్వాత గోడ దగ్గర నిలబెట్టేది. అందకపోయినా చేర్చుకునేది. ఊరికే చూసేది, అంతే.

ఆమెకి ఉద్యోగంలో ఆఖరి ఏడు మిగిలి ఉండగా పై ఆఫీసు నుంచి మాట వచ్చింది. ఒకటో తరగతిలో పదిమందికి తక్కువైతే బడిని రైలు పట్టాల అవతల ఉన్న పెద్ద బడిలో కలిపేస్తారు. ఆఫీసరమ్మ ఫలానా రోజున వచ్చి గదిలో కూర్చున్న పిల్లల్ని తనే లెక్క చూస్తుంది. టీచరుకి పోయేదేమీ లేదు. పట్టాల అవతల బడిలో కుర్చీ ఇస్తారు, జీతం ఇస్తారు. కానీ వ్యాను ఎక్కని పిల్లలెవరో ఆమెకి తెలుసు. ఇస్త్రీ బండివాడి కొడుకు, నాలుగిళ్ళల్లో పాచిపని చేసుకునే ఆవిడ మనవరాలు, అలాంటివాళ్ళు. వాళ్ళని పట్టాలు దాటించి దిగబెట్టే తీరిక వాళ్ళ ఇళ్ళల్లో ఎవరికీ లేదు. బడి పోతే వాళ్ళు ఇంట్లోనే ఉంటారు. అది ఆమెకి ముందే కనపడుతోంది.

అందుకని ఎండలో గొడుగేసుకుని ఇల్లిల్లూ తిరిగింది. ఎప్పుడూ వాళ్ళే పిల్లల్ని లాక్కుంటూ ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు. పిల్లల కోసం ఆమె వీధిలోకి రావడం అదే మొదలు.

"మిల్లు మూతపడ్డప్పుడు నేను కూడా ఇంత తిరగలేదే," అన్నాడు భర్త, ఆమె చెప్పులు విప్పుతుంటే మంచినీళ్ళ గ్లాసు అందిస్తూ. "పోనీ నన్ను చేర్చుకో. చెవి అందుతుంది."

"మీకు నోరు మూసుకుని కూర్చోవడం రాదు," అందామె.

వీధిలో సగం ఇళ్ళల్లో ఆమె పాత పిల్లలే. ఎవరూ అమర్యాద చెయ్యలేదు. మంగలి దుకాణంలో అయితే అతను ముఖానికి నురగ పూసి ఉన్న మనిషిని లేపి ఆ కుర్చీ ఆమెకి వేశాడు. నురగ మనిషి గోడ పక్కన నిలబడి అంతా విన్నాడు. తను నాలుగు అక్షరాలు నేర్చుకుంది ఆమె దగ్గరేనని, పిల్లాణ్ణి మాత్రం వ్యాను బడిలోనే వేశానని మంగలి చెప్పాడు. పిల్లాడికి అక్కడెలా ఉందని ఆమె అడిగింది.

"ఇప్పుడు దగ్గడం కూడా ఇంగ్లీషులోనే దగ్గుతున్నాడండీ," అన్నాడతను, గర్వమూ బాధా ఏదో తెలియకుండా.

అలా తిరిగి తిరిగి నలుగురు దొరికారు. వాళ్ళు ఎలాగూ వచ్చేవాళ్ళే.

ఆ రోజుల్లోనే మిల్లుని కూలగొట్టడం మొదలైంది. అక్కడ మేడలు కడతారట. పొద్దస్తమానం సుత్తి దెబ్బలు, ఇటుక ధూళి. కూలగొట్టే పనివాళ్ళు ఎక్కడో దూరం నుంచి వచ్చి, పాత నేత ఖాతా ఉన్నచోట రేకుల షెడ్లు వేసుకున్నారు. వాళ్ళ భాష వేరు. ఒకనాడు మిల్లు గేటు ముందు నుంచి పోతుంటే, విరిగిన ఇటుకల గుట్ట మీద పిల్లలు జారుడుబండ ఆడుతూ ఆమె కంటపడ్డారు. లోపలికి వెళ్ళింది. ఇటుకలు మోసే ఆడవాళ్ళు తట్టలు దించి, ఈవిడ ఎవరో అధికారి, తమని పొమ్మనడానికి వచ్చిందనుకుని ఒక చోటికి చేరారు. బడి అని చెబితే వాళ్ళకి అర్థం కాలేదు. పలక రాసినట్టు చేత్తో చూపించింది. అదీ అర్థం కాలేదు. ఏం చెయ్యాలో తోచక గొడుగు కింద పెట్టి, ఒక ఇటుక గోడకి వీపు ఆనించి నిలబడి, తన కుడి చెయ్యి నెత్తి మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకుంది.

తల్లుల ముఖాలు విచ్చుకున్నాయి. వాళ్ళ ఊళ్ళోనూ ఈ పద్ధతే ఉన్నట్టుంది. ఒకామె పరిగెత్తుకుంటూ వెళ్ళి కొడుకుని లాక్కొచ్చి గోడకి నిలబెట్టింది. వాడి వెనక ఇంకో నలుగురు. అందరి చెయ్యీ అందింది. చంకలో ఉన్న పసిపిల్ల కూడా తన చెయ్యి నెత్తి మీద వేసుకుని చూసింది. ఒక ముసలి కూలీ మనిషి నవ్వుతూ తనూ చెవి పట్టుకుని వరసలో నిలబడ్డాడు. చాలా ఏళ్ళ తర్వాత ఆమె ముందు పిల్లలు వరస కట్టారు. అదీ నేత ఖాతా ఉన్న చోట. ఇంటికి పోయేదారిలో ఆమె రెండుసార్లు ఆగి వెనక్కి చూసింది.

తొమ్మిదిమంది అయ్యారు. ఇంకొక్క పిల్ల కావాలి.

ఆ వీధిలో ఆమె అడుగుపెట్టని ఇల్లు ఇంకొకటే ఉంది. జానెడు దుకాణం. జానెడు, అదే ఆ అక్క, ఇప్పుడు టైలరు. రెండు మిషన్లు, ఒక పనిపిల్ల, గోడ నిండా హాంగర్లు. వ్యాను బడి యూనిఫాంలు కుట్టేది ఆమే. నీలం గుడ్డ కట్టలు వాకిట్లోకే కనపడతాయి. ఆమెకి ఐదేళ్ళ కూతురుందని టీచరుకి తెలుసు. ఆ దుకాణం ముందు నుంచి రెండు మూడుసార్లు వెళ్ళింది గానీ ఆగలేదు. ఆ గుడ్డ కట్టలు చూసి ఆగలేదని తనకి తాను చెప్పుకుంది.

ఆగిన రోజున టైలరు మిషను ఆపి లేచి నిలబడింది. నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టింది. స్టూలు తుడిచి వేసింది. బల్ల కింద ఆమె కూతురు కత్తిరింపు ముక్కలు రంగు వారీగా పేర్చుకుంటోంది. అదే తల, అవే చేతులు.

టీచరు వచ్చిన పని చెప్పింది. బడి సంగతి, తొమ్మిదిమంది సంగతి. టైలరు వింటూనే ఉంది. పిల్లకి కాగితం ఉందండీ, ఐదు నిండి ఆరో ఏడు నడుస్తోంది అంది. వ్యాను బడిలో మాట్లాడుకున్నాం, యూనిఫాం కూడా కుట్టేశానని, మేకుకి తగిలించిన చిన్న గౌను చూపించింది. జేబు మీద ఆ బడి గుర్తు కుట్టి ఉంది.

ఇక లేవాలి. టీచరు లేవబోతూ పిల్ల వంక చూసి, అలవాటుగా అనేసింది.

"ఏదీ అమ్మా, చెవి పట్టుకో చూద్దాం."

పిల్ల బల్ల కింద నుంచి వచ్చి చెయ్యి నెత్తి మీద వేసింది. వేళ్ళు చెవి పైఅంచు దగ్గర ఆగిపోయాయి. ఇంకా లాగింది. అందలేదు.

టైలరు నవ్వింది. మెడలో వేలాడుతున్న టేపు తీసి మిషను మీద పెట్టింది. గోడకి వీపు ఆనించి నిలబడింది, మడమలు నేలకి ఆనించి, తల నిటారుగా పెట్టుకుని, చిన్నప్పుడు చెప్పినట్టే. కుడి చెయ్యి నెత్తి మీదుగా వేసింది. నడివేలు చెవి సగం దాకా వచ్చింది. తమ్మె అందలేదు.

"మీ లెక్కన నాకింకా ఐదేళ్ళు నిండలేదు టీచర్ గారూ," అంది.

టీచరు ఆ వేలినే చూస్తూ ఉండిపోయింది. ఆ వేలి కొనకి సూదిపోట్ల మచ్చలున్నాయి.

"నిన్ను రెండేళ్ళు వెనక్కి పంపాను," అంది చివరికి.

"మూడోసారి కూడా అందలేదండీ. తమ్ముడికి అందింది. వాణ్ణి చేర్చుకున్నారు. చిన్నవాడు కదా, బెంగ పెట్టుకుంటాడని తోడు కూర్చోబెట్టమని అమ్మ అడిగితే నన్ను రానిచ్చారు." ఆమె టేపు మళ్ళీ మెడలో వేసుకుంది. "అమ్మ చెప్పిందిగా మీకు, పిల్లకి వయసుందని."

గొంతులో కోపం లేదు. అంతకన్నా కోపం ఉంటేనే బాగుండుననిపించింది టీచరుకి. పనిపిల్ల తల దించుకుని గుండీలు కుడుతోంది. బయట ఎవరో బట్టలు తీసుకోవడానికి వచ్చి నిలబడ్డారు. టీచరు లేచి గొడుగు తీసుకుంది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె అద్దం ముందు నిలబడి చెవి పట్టుకుని చూసుకుంటుంటే భర్త చూశాడు. ఎన్నేళ్ళొచ్చాయట అని అడగబోయి, ముఖం చూసి ఊరుకున్నాడు. ఆమె జరిగింది చెప్పింది.

"మా మిల్లులో బట్ట కొలిచే గజంబద్ద ఒకటుండేది," అన్నాడాయన. "చాలా ఏళ్ళు దానితోనే కొలిచారు. ఒక కొన అరిగిందని ఎవరూ చూసుకోలేదు. బట్ట తక్కువొచ్చిందని కొన్నవాళ్ళు మొత్తుకుంటే మావాళ్ళు ఏమనేవాళ్ళో తెలుసా? బద్ద అబద్ధం చెప్పదు అనేవాళ్ళు."

"తర్వాత?"

"తర్వాతేముంది, మిల్లే పోయింది."

ఆమె దీపం వేసి వంటింట్లోకి వెళ్ళింది. బడి గోడ దగ్గర దారం ఖాతా దూది జుట్టుతో నిలబడ్డ జానెడు తల్లి ముఖం గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించింది. దూదే గుర్తొచ్చింది గానీ ముఖం రాలేదు.

ఆఫీసరమ్మ చెప్పిన రోజునే వచ్చింది. చిన్న వయసు. ఎండకి ముఖం ఎర్రబడి ఉంది. ఇదే రోజున ఇంకా రెండు మూడు బడులు చూడాలట. ఒకటో తరగతి గదిలో వీధి పిల్లలు నలుగురూ ముందు కూర్చున్నారు. షెడ్ల పిల్లలు ఐదుగురూ తల దువ్వుకుని, జుట్టులో ఇంకా ఇటుక ధూళి మెరుస్తుంటే, వెనక గోడకి ఆనుకుని కూర్చున్నారు. ఆఫీసరమ్మ వేలితో లెక్కపెట్టింది. మళ్ళీ పెట్టింది. షెడ్ల పిల్లల వయసు అడిగితే టీచరు చెవి అందిందని చెప్పింది. ఆఫీసరమ్మకి ఆ మాట వినగానే చిన్ననాటి బడి గుర్తొచ్చిందేమో, చిన్నగా నవ్వి తలూపింది. తర్వాత నవ్వు తగ్గించుకుంది.

"ఒక్కరు తగ్గారండీ," అంది నెమ్మదిగా. "నాకూ బాధగానే ఉంది. కానీ రూలు ఉంది కదా. మీకు తెలియనిదేముంది."

ఆ గొంతు టీచరుకి బాగా తెలుసు. కసరకుండా, నెమ్మదిగా, తర్వాతివాళ్ళని రమ్మనే గొంతు. అందుకే బతిమాలలేదు. పెద్దమాస్టారి కుర్చీలో ఇప్పుడున్న హెడ్‌మాస్టరు ఏదో చెప్పబోతుంటే చేత్తో ఆపింది. ఒక వేలెడు దూరంలో ఆగిపోయిన వాళ్ళతో తను ఎన్నిసార్లు ఇలా మాట్లాడిందో లెక్క లేదు. ఆఫీసరమ్మకి మంచినీళ్ళు తెమ్మని పై తరగతి పిల్లాణ్ణి పంపింది. ఆవిడ కూర్చుని కలం మూత తీసింది.

గుమ్మంలో టైలరు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో. కూతురు ఆమె కొంగు చాటున ఉంది. ఒంటి మీద అదే నీలం గౌను. జేబు మీది గుర్తు ఊడదీసి ఉంది. గుడ్డ కొత్తదే గనక వెలవలేదు గానీ, కుట్టు విప్పినచోట చుట్టూ సూది రంధ్రాలు సన్నగా కనపడుతున్నాయి.

వ్యాను బడివాళ్ళు పిల్లని ఒక గదిలో కూర్చోబెట్టి బొమ్మలు చూపించి ఇంగ్లీషులో ఏవేవో అడిగారట. పిల్ల నోరు విప్పలేదట. తెలియక కాదని, కొత్త మనుషులంటే బెదురని టైలరు ఎంత చెప్పినా వినలేదట. ఇంకో ఏడాది ఆగి తీసుకురమ్మన్నారట. ఆ బడి గుడ్డలు కుట్టేదాన్ని గనక చాలా మర్యాదగానే చెప్పారని కూడా అంది. ఇదంతా గుమ్మంలోనే నిలబడి, ఆఫీసరమ్మ వంక చూడకుండా, బట్ట కొలతలు చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆగడమంటే ఏమిటో నాకు తెలుసు," అంది చివర. సంచిలో నుంచి పుట్టిన తేదీ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "మీరు మాత్రం కొలవకండి టీచర్ గారూ."

"కొలవను," అంది టీచరు.

పిల్లని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఇస్త్రీ బండివాడి కొడుకు అడక్కుండానే జరిగి చాప సగం ఇచ్చాడు. ఆఫీసరమ్మ కాగితం చూసి, రాయబోయిన అంకె కొట్టేసి, వేరే అంకె వేసింది.

ఆ ఏడు బడి నిలిచింది. మిల్లు పూర్తిగా నేలమట్టమయ్యాక షెడ్లు పీక్కుని ఆ కూలీలు వేరే ఊరు పోయారు. అప్పటికి వాళ్ళ పిల్లలు టీచరు భాషలో పేచీ పెట్టడం దాకా వచ్చారు. పోయేముందు ఒకడు పలక తిరిగి ఇవ్వడానికి వచ్చాడు. ఉంచుకోమంది. ఆ ఏడు చివర ఆమె ఉద్యోగం దిగిపోయింది. ఆ మర్నాడు కూడా పొద్దునే లేచి, ఎటు పోవాలో తెలియక, వీధి చివరి దాకా నడిచి వెనక్కి వచ్చిందట. మిల్లు ఉన్నచోట లేచిన మేడల్లో పిల్లలు చాలామందే ఉన్నారు. పొద్దునే వాళ్ళ కోసం మూడు వ్యానులు వస్తాయి. బడికి ఇంకా తాళం పడలేదు. ఏటా ఇప్పుడో అప్పుడో అంటారు.

ఆఫీసరమ్మ వెళ్ళిపోయిన ఆ మధ్యాహ్నం మాత్రం ఆమె పిల్లల్ని ఆటకి వదిలి మెట్ల మీద కూర్చుంది. ఒకప్పుడు ఒక వరస పిల్లలు కూర్చున్న మెట్లు. షెడ్ల పిల్లలకీ వీధి పిల్లలకీ ఒకరి మాట ఒకరికి తెలియదు. ఏం ఆడాలో తోచక కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత షెడ్ల పిల్లల్లో ఒకడు గోడకి ఆనుకుని చెవి పట్టుకున్నాడు. అది చూసి ఇస్త్రీ బండివాడి కొడుకు పట్టుకున్నాడు. నిమిషంలో అందరూ గోడ పొడుగునా వరసగా నిలబడి, నెత్తి మీద చేతులు వేసుకుని, నవ్వుతున్నారు.

నీలం గౌను పిల్ల వరస చివర నిలబడింది. చెయ్యి వేసి చూసింది. మళ్ళీ వేసింది. పక్కవాళ్ళ వంక చూసింది. తర్వాత మెట్ల దగ్గరికి వచ్చి, వ్యాను బడిలో విప్పని నోరు విప్పింది.

"టీచర్, నాకు అందట్లేదు."

టీచరు ఆ పిల్లని దగ్గరికి తీసుకుంది. చెయ్యి పట్టుకుని నెత్తి మీదుగా వేసింది.

"కొంచెం తల వంచమ్మా," అంది.